జోలపాటయు శిశునిద్రయు

తెలుఁగు వాఙ్మయచరిత్రములలో జోలపాటకు దొరకిన చోటు మిక్కిలి యిఱుకు. పదకవితను గూర్చి వ్రాయువారు దానిని భక్తికీర్తనములలో నొక భేదముగాఁ బేర్కొని విడుతురు. జానపదగేయములను గూర్చి వ్రాయువారు శిశుగేయములలో మొదటి వర్గముగాఁ జూపి, రెండు మూఁడుదాహరణములతో ముగింతురు. ఈ రెండు తెఱఁగులందును లోప మొక్కటియే. ఏ పనికై యీ పాట పుట్టినదో యా పని, అనఁగా పసికందును నిద్రపుచ్చుట, విచారమునకు రాదు. పని తెలియనిదే పనిముట్టు మంచిచెడ్డలు తెలియవు. నాఁగలి యందము మెచ్చుకొనువాఁడు దుక్కినిఁ గూడఁ జూడవలయును గదా. అట్లే జోలపాటను దాని భక్తిభావమును బట్టియో, పదలాలిత్యమును బట్టియో మెచ్చుకొనువారును శిశువు నిద్రను గూర్చి కొంత తెలిసికొనవలసియున్నది.

ఆ విధముగఁ జూచినచో రెండు విషయములు తేటపడును. జోలపాట రూపము శిశునిద్ర స్వభావమునుండి పుట్టినది, ఇది మొదటిది. జోలపాట యర్థము నిద్రించువానికంటె మేల్కొని యుండువారిని గూర్చినది, ఇది రెండవది. ఈ రెండవ విషయమునకు కావ్యములందును స్త్రీల పాటలందును సాక్ష్యము సమృద్ధిగ నున్నను, విమర్శకుల దృష్టి దానిపై నంతగా నిలువలేదు.

ఇట్టి విచారమునకుఁ బోలవరపు సీమ తగిన తావు. గోదావరి పాపికొండల నడుమనుండి వెలువడి మైదానమున విస్తరించుచోట, కుడిగట్టున, పోలవర మున్నది. ఎగువను భద్రాచలము, దిగువను పట్టిసము, రాజమహేంద్రవరము. కొండలలోఁ దెలుఁగు మాటాడు కొండరెడ్లును, కోయభాష గల కోయలును. పల్లములో సేద్యము చేయు కుటుంబములును గలవు. పండితులకుఁ బోలవరము పేరు సుపరిచితమే. ఆ జమీందారు ప్రాపున 'సరస్వతి' యను పత్రిక వెలువడినది. తిరుపతి వేంకటకవులకు నా సంస్థానముతో సంబంధము కలదు. అచ్చుమూలమున నా కీర్తి నిలిచినది. ఆ సీమలోని యిండ్లలో నర్ధరాత్రమున దీపము తగ్గించి పాడఁబడిన పాటలకు మాత్ర మట్టి ప్రాపు లేదు. ఫ్యూరర్-హైమెండార్ఫను పండితుఁడు 1945లో కొండరెడ్లను గూర్చి యొక పెద్ద గ్రంథమును బ్రకటించి, పాపికొండల పేరును దేశాంతరములకుఁ దెలిపెను. అదియు జాతిశాస్త్రగ్రంథమే గాని గేయసంపుటము గాదు.

శబ్దవిచారము

తెలుఁగున నిద్రకు సంబంధించిన దేశ్యపదములలో కునుకు, కూరుకు, తూఁగు అనునవి ముఖ్యములు. వీనిలోఁ దూఁగు అనునది విచారింపఁదగినది. ఊయెల తూఁగును, త్రాసు తూఁగును, నిద్ర వచ్చువాఁడును తూఁగును. తమిళమున 'తూంగు' అను ధాతువునకు వ్రేలాడుట, ఊఁగుట, నిద్రించుట యను మూఁడర్థములును గలవు. కన్నడమునఁ దల్లులు తొట్టిలను 'తూగు'దురు. తొట్టెకుఁ బేరు తమిళమునఁ దొట్టిల్, కన్నడమునఁ దొట్టిలు. ఊఁగుటకును నిద్రకును గల సంబంధమును ద్రావిడభాషలు కవులకంటె ముందే కనిపెట్టి పదముననే యిమిడ్చినవి.

'జోకొట్టు' అను క్రియ యింతకంటెను విశేషము గలది. ఇందు 'జో' యనునది నోటిధ్వని; 'కొట్టు' అనునది చేతిపని. వీఁపుపైఁ గాని తొడపైఁ గాని మెల్లగఁ దట్టుటయు, పాడుటయు నొక్క క్రియగా నేర్పడినవి. సంగీతసభలో గాయకుఁడు తన తొడపైఁ దాళము వేసికొనును. జోలపాటలో శిశువు వీఁపే తాళస్థానము. ఈ పాటను జెవితోడనే గాక చర్మముతోడను వినవలసియున్నది. కాగితముపై వ్రాసికొన్న జోలపాటలో సగము లోపించుటకుఁ గారణ మిదియే.

'నిద్రపుచ్చు' అను మాటయు నొకటి గలదు. పోవు ధాతువునకుఁ బ్రేరణరూపము పుచ్చు. పెద్దవారు నిద్రపోవుదురు, శిశువును నిద్రపుచ్చుదురు. మొదటిది తనంతఁ దాను జరుగునది. రెండవది యొకరు పూని జరిపింపవలసినది. శిశువు నిద్ర వెనుక నొక కర్త యుండవలెనని భాషయే చెప్పుచున్నది.

శాస్త్రసాక్ష్యము

చరకసంహిత సూత్రస్థానమున నాహారము, నిద్ర, బ్రహ్మచర్యము అను మూఁడును శరీరమునకు ఉపస్తంభములని చెప్పఁబడినది. శారీరస్థానమున శిశువు శయ్యయు, కప్పెడు వస్త్రములును మెత్తనివి, తేలికయైనవి, శుచియైనవి కావలెనని విధింపఁబడినది. శిశువు ఏడ్చినను, ఆహారము గొనకున్నను, రాక్షసపిశాచాదుల పేళ్లు చెప్పి వానిని భయపెట్టరాదని యా గ్రంథమే నిషేధించినది. సుశ్రుతసంహిత శారీరస్థానమున నింకొక నియమ మున్నది. శిశువును దిగ్గున మేల్కొలుపరాదు, వాఁడు బెదరును. తటాలున లాగికొనరాదు, పైకెత్తివేయరాదు. వానికిఁ బ్రియమైనవానిచేతనే యెల్లప్పుడు ననువర్తింపవలయును. పాట యనుమాట యిందు లేకున్నను, పాట చేయఁదగిన పనియంతయు నిందుఁ గలదు.

నేఁటి వైద్యశాస్త్రము లెక్కలతోఁ జెప్పుచున్నది. ప్రపంచారోగ్యసంస్థ 2019లోఁ బ్రకటించిన సూచనల ప్రకారము, మూఁడునెలల లోపు శిశువునకు దినమునకు 14 మొదలు 17 గంటలును, నాలుగు మొదలు పదునొకండు నెలల శిశువునకు 12 మొదలు 16 గంటలును నిద్ర వలయును. పగటి కునుకులును నిందులోనివే. అయిన నీ నిద్ర యొక్కపట్టునఁ గలుగునది కాదు. పుట్టిన శిశువునకు రాత్రింబగళ్ల భేదము తెలియదు. రెండు మూఁడు గంటల కొకతూరి యాఁకలి మేల్కొలుపును. రెండు మూఁడు నెలలు గడచిన పిమ్మటనే దేహమున నహోరాత్రక్రమము కుదురుకొన నారంభించును. తొలినాళ్ల నిద్రలో సుమారు సగము చంచలనిద్ర. అప్పుడు రెప్పలక్రిందఁ గనుగ్రుడ్లు కదలును, పెదవులు చప్పరించును, శిశువు మూల్గును, నవ్వును. నిద్రలో నవ్వు శిశువును దేవుఁడు నవ్వించుచున్నాఁడని పెద్దలందురు. ఆ మాట నమ్మిన తల్లి శిశువు కదలినంతనే యెత్తికొనక యూరకుండును. శాస్త్రము చెప్పెడి హితమును నదియే.

ఈ లెక్కలనుండి విమర్శకుఁడు గ్రహింపవలసిన దొకటి గలదు. శిశువునకు నిద్ర కొఱఁత లేదు. పెద్దవారి నిద్రకు వాని నిద్ర రెండింతలు. ముక్కలై కొఱఁతపడునది తల్లి నిద్ర. పదునేడు గంటలు నిద్రించు శిశువును గాచునామెకు మూఁడు గంటలు నిలుకడగఁ గన్నుమూయ వీలులేదు. జోలపాట పుట్టినది యీ వైషమ్యమునుండియే. అది సమృద్ధిగ నిద్ర గలవానికై నిద్ర లేనివారు పాడెడి పాట.

కావ్యసాక్ష్యము

పాల్కురికి సోమనాథుఁడు పండితారాధ్యచరిత్రమునఁ దుమ్మెదపదములు, వెన్నెలపదములు, గొబ్బిపదములు, నివాళిపదములు మొదలగు దేశిపాటలఁ బేర్కొన్నాఁడని యెల్లవారు నెఱుఁగుదురు. శిశూపచారవిషయమున నంతకంటె విలువగలది యాతని బసవపురాణమునందలి బెజ్జమహాదేవి కథ. శివునకుఁ దల్లి లేదే యని వగచి, ఆమె తానే తల్లియై, నూనె యంటి, నీళ్లువోసి, పాలిచ్చి పెంచును. శివుఁ డామె భక్తినిఁ బరీక్షింపఁగోరి, అంగిటిముల్లు నెపమున పాలు గొనక యుండఁగా, ఆమె తాళలేక ప్రాణముల విడువ సిద్ధపడును. తత్త్వము చెప్పఁబూనిన కవికి శిశూపచారవర్ణనము నింత వివరముగఁ జేయనక్కఱలేదు. అయినను జేసినాఁడు. పాలు మానిన పసికందును జూచిన తల్లి గుండె యెట్లుండునో తెలిసినవాఁడే యీ కథను జెప్పఁగలఁడు. బెజ్జమహాదేవి భక్తియందుఁ గొలఁత యేదనఁగా, ఆమె పడిన యారాటమే.

పోతన దశమస్కంధమున నందుని యింటఁ గృష్ణుఁడు పుట్టినపిమ్మట గోపస్త్రీలు చేసిన యుపచారక్రమ మున్నది. తలకు నూనె యంటుట, పసుపు పూయుట, స్నానము చేయించుట, రక్ష పలికి నీళ్లు చుట్టి చల్లుట, తొట్టెలో నుంచుట, దీవించి పాడుట. గోదావరితీరమున బాలెంత యింట, కాళ్లు చాఁచి పీఁటపైఁ గూర్చుండి, శిశువును గాళ్లపైఁ బరుండఁబెట్టుకొని నీళ్లుపోయు ముసలమ్మ చేయునదియు నీ వరుసయే. నూనె, నలుగు, వేన్నీళ్లు, దిష్టినీళ్లు, పొత్తిళ్లు, పాలు, తొట్టె, పాట. ఐదువందలయేండ్లకుఁ బైఁబడిన యీ యనుపూర్వి చెడకుండుటకు శాస్త్రపఠనము కారణము కాదు. నీళ్లుపోసిన శిశువు చక్కఁగ నిద్రించునని ప్రతి తరమున నొక ముసలమ్మ కంటితోఁ జూచుటయే కారణము.

ఆ ఘట్టముననే పోతన యొక చమత్కారము చేసినాఁడు. లోకములను నిద్రపుచ్చుచుఁ దాను నిద్రింపనివాఁడు, గొల్లెతలు జోకొట్టి పాడఁగా నిద్రవచ్చినవానివలెఁ గనులు మూసికొని యూరకుండెనని యాతని భావము. వ్యాఖ్యాతలు దీనిని భగవన్మహిమకు నుదాహరణముగఁ జూపుదురు. అది యుచితమే. అయిన నిందలి లోకజ్ఞాన మంతకంటె లోఁతైనది. జోకొట్టువారెవ్వరో వారు నిద్రింపరు: ఇది తల్లుల విషయమున నెల్లరు నెఱిఁగిన సత్యము. పోతన యా సత్యమును దీసికొని పోయి దేవునకు లక్షణముగఁ గట్టినాఁడు. దేవుఁడు తల్లివంటివాఁడని చెప్పుటకు మేలుకొనియుండుటనే సామాన్యధర్మముగఁ గైకొన్నాఁడు. చమత్కారమునకుఁ బునాది పురిటియింట నున్నది.

శకటాసురవృత్తాంతము నీ దృష్టితోఁ జదువఁదగినదే. యశోద బాలుని నిద్రపుచ్చి, వేడుకకు వచ్చినవారి సత్కారములలో మునిఁగియుండెను. బాలుఁడు మేల్కొని పాలకై యేడ్చెను. ఆ యేడ్పు తల్లి చెవిఁ బడలేదు. బాలుఁడు కాలఁదన్నఁగా బండి తలక్రిందయ్యెను. అసురసంహారమును దీసివైచినచో మిగిలెడి కథ యిది: నిద్రించు శిశువు దగ్గఱఁ గాచువా రెవరును లేరు. భాగవతము వినుచు నొడిలో బిడ్డ నుంచికొన్న యిల్లాలికి భయము గలిగించునది యీ భాగమే.

దేవాలయములందలి లాలియు నిచ్చట గమనింపవలయును. తిరుమలలో రాత్రి కడపటి సేవయైన యేకాంతసేవలోఁ దాళ్లపాకవారి వంశీయులు లాలి పాడుట సంప్రదాయము. అన్నమాచార్యుఁడు 1503లోఁ బరమపదించిన పిదపను నాతని లాలి యా సేవలో నిలిచినది. భద్రాచలమునను బవళింపుసేవ కలదు. నిద్ర యక్కఱలేని దేవునకు జోల యేల యని శంకింపవచ్చును. ఇంటిజోలలోఁ బాడునది మేలుకొని యుండును, వినువాఁడు నిద్రించును. గుడిజోలలోఁ బాడినవారు తలుపులు మూసి యింటికిఁ బోయి నిద్రింతురు. విన్నవాఁడు మేలుకొని యుండును. రెండును నొకదాని కొకటి తలక్రిందైన రూపములు. ఇంటిలోఁ దల్లి తన బిడ్డను రాముఁడనియు, గృష్ణుఁడనియుఁ బిలుచుచుఁ బాడుటకు భక్తియే కాక వేఱొక కారణము నిందుఁ గానవచ్చును. నిద్రింపనివాని పేరు పిలిచి, తన కావలిలోఁ గొంత వానికి నప్పగించి, ఆమె యొక్క నిమేషము కన్ను మూయఁజూచుచున్నది.

స్త్రీల పాటల సాక్ష్యము

ఈ భావమునకు మిక్కిలి తేటయైన రూపము స్త్రీల రామాయణపుఁ బాటలలో ఊర్మిళాదేవి నిద్రకథ. లక్ష్మణుఁ డడవిలోఁ బదునాలుగేండ్లు మేలుకొని యన్నను గాచెను. ఆ పదునాలుగేండ్లు నూర్మిళ నిద్రించెను. వాల్మీకమున లేని యీ కల్పన తెలుఁగు స్త్రీలకుఁ బ్రియమైనది. లక్ష్మణదేవర నవ్వు అను పాటలో, పట్టాభిషేకసభలో నిద్రాదేవి గడువు తీఱి తన కడకు రాఁగాఁ జూచి లక్ష్మణుఁడు నవ్వును. ఆ నవ్వును సభలోని ప్రతివారును దమ్ముఁ గూర్చినదే యని తలఁతురు.

ఈ కథలందు నిద్ర యొక ద్రవ్యమువలె నున్నది. ఒకరు వదలుకొన్నది యొకరికిఁ జేరును. ఒక యింట నున్న నిద్ర యంతయు నింతయని కొలఁత గలదు. ఒకరు నిండ నిద్రించినచో నింకొకరు మేలుకొనవలసినదే. పండితకావ్యములలో నిద్ర తామసగుణముగనో, ప్రళయకాలయోగముగనో, విరహిణికి దుర్లభవస్తువుగనో కనఁబడును. నిద్రను గుటుంబములోఁ బంచుకొను వస్తువుగఁ జూచినవారు స్త్రీలు. పదునాలుగేండ్ల లెక్కను విన్నపుడు పురాణమున కది తగిన యతిశయోక్తియని పురుషుఁడు తలంచును. పసిపిల్లలను బెంచిన యామెకు నది యతిశయోక్తిగఁ దోఁపదు.

రూపవిచారము

జోలపాట చరణములకు నియతమైన పౌర్వాపర్యము సాధారణముగ లేదు. ఏ చరణమైన ముందు రావచ్చును. కథ ముందునకు నడవదు. సంబోధనములు మాఱుచుండును, జో యనియు లాలి యనియు మాటిమాటికిఁ దిరిగివచ్చుచుండును. కావ్యదృష్టితో నిది పునరుక్తిదోషము. శిశునిద్రాదృష్టితో నిది గుణము. క్రొత్తమాట వినఁబడినచో శిశువు చెవి యప్పగించును. విన్నదే మఱల వినఁబడినచో నప్పగింత విడుచును. ఆశ్చర్యము కలిగించు చరణము జోలపాటలో దుష్టచరణము.

పాట యెక్కడ ముగియవలయునో కవి నిర్ణయింపఁడు, శిశువు నిర్ణయించును. కన్నుమూసినచోటనే పాట మగిసినది. పదకర్త ముద్ర కడపటి చరణమున నుండుట కీర్తనసంప్రదాయము. ఆ ముద్రదాఁకఁ బాట సాగినదన్నచో జోల పనిచేయలేదని యర్థము. అచ్చైన సంపుటములు పల్లవిని నొక్కసారి వేసి, చరణములకు సంఖ్యలు పెట్టి, చివర ముద్రతో ముగించుచున్నవి. ఆ యచ్చును జూచి యీ పాట యింత పొడవు, ఇట్టి యైక్యము గలదియని విమర్శించుట తొట్టెను బొమ్మగ గీసికొని దాని యూఁపును గొలుచుటవంటిది.

నడకవిషయ మింకొకటి. జోలలకు నీలాంబరి, నవరోజు మొదలగు రాగములు ప్రసిద్ధములు. మూఁడుమాత్రల నడకయు, నైదుమాత్రల నడకయు నీ పాటలందుఁ గలవు. గాయకుఁడు కాలప్రమాణమును దన యిచ్చవచ్చినట్లు గైకొనును. జోల పాడునామెకు నా స్వేచ్ఛ లేదు. ఊయెల త్రాటిపొడవే కాలమును నిర్ణయించును. వ్రేలాడు వస్తువు ఒక్కసారి పోయి వచ్చుటకుఁ బట్టు కాలము త్రాటిపొడవు వర్గమూలము ననుసరించునని భౌతికశాస్త్రము. మీటరు పొడవైనచో రెండు క్షణములు. రెండు మీటర్లైనచో సుమారు రెండు ముప్పాతిక. నాలుగు మీటర్లైనచో నాలుగు. ఇంటి దూలమునకుఁ జీరతోఁ గట్టిన యుయ్యాలకంటె, చేనిగట్టున చెట్టుకొమ్మకుఁ బొడవుగఁ గట్టిన యుయ్యాల నెమ్మదిగ నూఁగును. ఇంటిజోలకును జేనిజోలకును వేగమున భేద ముండవలయునని దీనినుండి యూహింపఁదగును. పాడిన తావును వ్రాసికొనక పాటనే వ్రాసికొన్న సేకర్త కీ భేదము చిక్కదు.

గుణదోషవిచారము

పని తెలిసినపిదపఁ బాటల మంచిచెడ్డలు నిర్ణయించుట సులభము. బూచి వచ్చుననియు, బూచివాఁడు పట్టుకొనిపోవుననియు బెదరించి నిద్రపుచ్చు పాటలు చరకుని నిషేధమునకు విషయములు. అవి శిశువును నిశ్శబ్దుని జేయును గాని నిద్రితుని జేయవు. శబ్దము మానుటయు నిద్రించుటయు నొకటి కాదు. ఈ భేదము తెలియక మందుచేతఁ గార్యము సాధించిన కాలము నుండెను. పనికిఁ బోవలసిన తల్లులు పసివాండ్రకు నల్లమందు పెట్టుట భారతదేశమునఁ బలుచోట్ల నాచారముగ నుండెనని 1893 మొదలు 1895 వఱకుఁ బనిచేసిన నల్లమందు విచారణసంఘము నెదుట సాక్ష్యము వచ్చినది. ఇంగ్లండునందును నల్లమందు కలిసిన ద్రావకములను శ్రామికస్త్రీలు శిశువులకుఁ బోసిరి. ఆ తల్లులను నిందించుట సులభము. వారికిఁ గొఱఁతపడినది వాత్సల్యము కాదు, జోకొట్టుటకు వలసిన తీఱిక. జోలపాట మిక్కిలి చౌకయైన వస్తువని తలఁతురు. అది కాలమును వెలగాఁ గోరును.

ఈ పాటలకు రసత్వము లేదను వారికి నొక సమాధానము చెప్పవలయును. విశ్వనాథుఁడు సాహిత్యదర్పణమున వత్సలరసము నంగీకరించినాఁడు. కావున రసమున్నదనుటకుఁ బ్రామాణికుల యనుమతి కలదు. శంక యిది: కావ్యము సహృదయుని మేల్కొలుపును, ఈ పాట వినువానిని నిద్రపుచ్చును. అర్థ మెఱుఁగని పసివాఁడు సహృదయుఁ డగునా? కాఁడు. ఇందు సహృదయ పాడునామెయే. శిశువునకు ధ్వని, ఆమెకు నర్థము. శిశువు పొందునది లయ, ఆమె పొందునది మాట. అర్ధరాత్రమున నిద్ర చాలక, నడుము నొచ్చి, ఒంటరిగ నున్న యామెకు, దశరథుని యింటను నందుని యింటను నిట్లే యొకతె కూర్చుండెనని తెలుపు మాట రసము గాక మఱేమి? ఇద్దరు శ్రోతల కొక్కసారి రెండు వేఱు ఫలముల నిచ్చు పాటను శాస్త్రజ్ఞులు చిన్నచూపు చూడఁదగదు.

ప్రస్తుతస్థితి

పోలవరమున గోదావరిపైఁ గట్టుచున్న ప్రాజెక్టునకు 2014నాఁటి ఆంధ్రప్రదేశ్ పునర్వ్యవస్థీకరణచట్టమున జాతీయప్రాజెక్టు స్థానము గలిగినది. దాని మూలమున నెగువ గ్రామములవారు, అందుఁ బెక్కుఁడు కొండరెడ్లును గోయలును, ఊళ్లు విడిచి పునరావాసకాలనీలకుఁ జేరవలసినవారైరి. ప్రాజెక్టు లాభనష్టముల చర్చ యీ వ్యాసమునకు విషయము కాదు. పాటకు సంబంధించినంత వఱకుఁ జెప్పవలసిన దిది. జోలపాట యిల్లు వదలి రాఁగలదు. ఇల్లు కట్టిన తీరు, చేను, చెట్టుకొమ్మ, ప్రక్కయింటి ముసలమ్మ దానితో రావు. స్లాబు పోసిన గదిలో ముందే కొక్కెము పెట్టనిచో నుయ్యాల కట్టుటకుఁ దావే లేదు. ఒక యూరివారు రెండు మూఁడు కాలనీలకుఁ జెదరినచో బాలెంతకు నీళ్లుపోయు ముసలమ్మ యొకచోటను, బాలెంత యొకచోటను నగుదురు. పాట నేర్చుకొనుట నీళ్లుపోయు పీఁటవద్ద జరుగునది. ఆ పీఁట తెగినచోట పాటయుఁ దెగును.

రెండవ మార్పు కాలనీలకే పరిమితము కాదు. ఇప్పుడు సెల్‌ఫోనులో జోలపాట పెట్టి తొట్టెప్రక్క నుంచుట పల్లెలందును వాడుకయగుచున్నది. ఆ పాట శ్రుతిశుద్ధము, అలసట లేనిది. అయినను జోల పని యందు సగమే నెఱవేఱును. చీర యుయ్యాలలో శిశువు దేహము వంగును. గడ్డము ఱొమ్మున కానుటచేత నూపిరికి నడ్డము గలుగవచ్చునని వైద్యులు హెచ్చరించుచున్నారు. నిద్రకు సమతలమైన గట్టిపక్కపై వెల్లకిలఁ బరుండఁబెట్టుట క్షేమమని వారి మతము. 1994లో నమెరికాలో నీ యుపదేశము ప్రచారమునకు వచ్చినపిమ్మట నిద్రలో హఠాత్తుగఁ గలుగు శిశుమరణములు మిక్కిలి తగ్గినవి. ఈ హితమును దల్లులు పాటింపవలసినదే. ప్రాఁత యాచారమని యుయ్యాలను వెనుకవేసికొని రావలసిన పని లేదు. పాతకాలమున నుయ్యాల ప్రక్క త్రాడు పట్టుకొని పాడునామె యుండెను. పాట వినఁబడుచున్నంత సేపును శిశువు నొకరు చూచుచున్నారని యింటిల్లిపాదికిఁ దెలియును. పాట కావలికి గుర్తు. ఫోనులో పాట వినఁబడుచున్నను గావలి యుండకపోవచ్చును. గుర్తు మిగిలి, గుర్తింపఁబడినది తొలఁగినది. గట్టిపక్కపైఁ బరుండఁబెట్టిన శిశువునకును వీఁపు మాఱుగ ఱొమ్ముపైఁ దట్టుచుఁ బాడవచ్చును. ఉయ్యాల పోయినను జోల పోవలసిన యవసరము లేదు.

కావున జోలపాటలను సేకరించువారు మాటలను వ్రాసికొనుటతోఁ దృప్తి నొందరాదు. ఎవ్వరు పాడిరి, తల్లియా, అమ్మమ్మయా, మామ్మయా, మేనత్తయా, ఎచ్చట, దూలము క్రిందనా, చెట్టు క్రిందనా, ఒడిలోనా, ఎన్ని నెలల శిశువునకు, ఏ జామున, పల్లవి యెన్నిమారులు తిరిగినది, శిశువు కన్నుమూసినది యే చరణమున, ఇవన్నియు వ్రాసికొనవలయును. 1874లో బాయిల్ దొర తెలుఁగు పల్లెపాటలను గూర్చి వ్రాసినప్పుడు నాతని మనసు నాకర్షించినవి వీరగాథలు. 1958లో బిరుదురాజు రామరాజుగారి గ్రంథముతో జానపదగేయములన్నిటికి వర్గవ్యవస్థ కుదిరినది. ఆ వ్యవస్థలో జోలకుఁ జూపిన గదిలోనికిఁ బ్రవేశించి దీపము పెట్టుట తరువాతివారి పని. పాఠశాలాపండితుల కిందు సౌకర్యము గలదు. గోదావరి గ్రామములందును గాలనీలందును వారి శిష్యులున్నారు; ఆ శిష్యుల యిండ్లలో మామ్మలున్నారు. సెలవులలో నొక్కొక్క విద్యార్థి తన యింటి జోలను బైఁ జెప్పిన వివరములతో వ్రాసి తెచ్చినచో, పదియేండ్లకైనను మఱల దొరకని సామగ్రి యొక్క వేసవిలోఁ జేరును.

నిద్రించినవానికిఁ బాట జ్ఞప్తి యుండదు. మేలుకొని పాడినామెకే జ్ఞప్తి యుండును. ఈ వాఙ్మయమునకు మూలప్రతులు తాళపత్రములు గావు, ఆ మామ్మల జ్ఞాపకములు. వారుండఁగానే యడుగవలయును.